తూటా నంబరు, మనిషి పేరు

వేట పుస్తకాల్లో పులి కన్నా ముందు తుపాకి వస్తుంది. పులి రావడానికి ఇరవై పేజీలు పడుతుంది, ఒక్కోసారి అసలు రాదు. తుపాకి మాత్రం రెండో పేరాలోనే నంబరుతో సహా హాజరు. .275, .405, .450/400, .470. చిన్నప్పట్నించీ ఈ పుస్తకాలు చదివినవాళ్లకి ఆ దశాంశాలు మంత్రాల్లా వినిపిస్తాయి. కొత్తగా చదివేవాళ్లు వాటిని దాటేసి అడవిలోకి వెళ్లిపోతారు. దాటేయకండి అని చెప్పడానికే ఈ వ్యాసం. ఏ రచయిత ఏ తూటా ఎంచుకున్నాడు, ఎందుకని చెప్పుకున్నాడు, ఆ ఎంపిక గురించి మాట్లాడేటప్పుడు ఎవర్ని మర్చిపోయాడు - ఈ మూడూ చూస్తే వేట సాహిత్యం చాలావరకు బయటపడిపోతుంది. అరకు కొండల నుంచి చూస్తే ఇంకా బాగా కనిపిస్తుంది.

ముందు ఆ నంబర్ల సంగతి. దశాంశం తర్వాత ఉన్నది తుపాకి గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో, సుమారుగా. ‘మాగ్నమ్’ అనే మాట మన తరానికి ఐస్‌క్రీమ్ ద్వారా వచ్చింది గానీ, తుపాకులవాళ్లు దాన్ని షాంపేన్ సీసాల నుంచి తెచ్చుకున్నారంటారు. మామూలు సీసాకి రెట్టింపు పట్టేది మాగ్నమ్. తూటాలో కూడా అంతే: పెద్ద ఇత్తడి కేసు, అందులో ఎక్కువ మందు, అందువల్ల ఎక్కువ వేగం. వీటిలో అందరికీ తెలిసింది 1912లో లండన్ కంపెనీ హాలండ్ అండ్ హాలండ్ తెచ్చిన .375 మాగ్నమ్. మూడు వందల గ్రెయిన్ల గుండు, అంటే పంతొమ్మిది గ్రాముల పైచిలుకు, సెకనుకి 2500 అడుగుల వేగంతో వెళ్తుంది. దుప్పి నుంచి ఏనుగు దాకా దేనికైనా పనికొస్తుందని దానికి పేరు. 1956లో వచ్చిన .458 వించెస్టర్ మాగ్నమ్ గుండు ఇంకా లావు, ఇంకా బరువు, వేగం తక్కువ. భుజం మీద దాని తన్ను మాత్రం తక్కువేం కాదు.

ఇప్పుడు మన దేశంలో ఈ ఎంపిక ఎవరికీ అక్కర్లేదు. పులివేట 1970లో ఆగింది, 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. అనంతగిరి అడవుల్లో అడవిదున్నకి ఏ తూటా సరిపోతుందన్నది ఇవాళ పాఠకుడి ప్రశ్న మాత్రమే. అలా మిగలడమే మంచిది కూడా.

పాఠకుడి ప్రశ్నగానే చూద్దాం. పెద్ద తూటానా, చిన్న తూటానా అన్న తగువు వేట రచనల్లో వందేళ్లుగా నడుస్తోంది. జాన్ టేలర్ అనే ఆఫ్రికా వేటగాడు 1948లో రాసిన తూటాల పుస్తకంలో ఒక సూత్రం కట్టాడు. గుండు బరువు, వేగం, వ్యాసం మూడూ గుణించి ఏడు వేలతో భాగిస్తే వచ్చేది దాని ‘నాకౌట్’ విలువ. .375కి నలభై వస్తుంది. .470కి డెబ్బై పైన. సన్నగా ఉండే 7 మిల్లీమీటర్ల రిగ్బీకి పదహారో ఎంతో. ఏనుగు తలకి దగ్గర్లో తగిలి మెదడు తప్పినా అది ఎంతసేపు సొమ్మసిల్లి పడుంటుందో చెప్పే లెక్క ఇది. ఇటు పక్కన కరమోజో బెల్ ఉన్నాడు. వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపినవాడు. అందులో చాలావాటిని ఆ పదహారు మార్కుల చిన్న తూటాతోనే. ఏనుగు పుర్రెల్ని కోయించి, మెదడు ఏ కోణం నుంచి ఎక్కడుంటుందో బొమ్మలు గీసుకున్నాడు. ఎక్కడ కొట్టాలో తెలిస్తే ఎంత పెద్దదానితో కొట్టావన్నది రెండో ప్రశ్న అని అతని వాదం.

ఈ తగువు చదువుతుంటే నాకు మన కవిత్వ చర్చలే గుర్తొస్తాయి. బరువైన మాటతో పడగొట్టాలనేవాళ్లు, చిన్న మాటని సరైన చోట పెట్టాలనేవాళ్లు. అయితే ఆ పోలికని ఎక్కువ లాగకూడదు, ఎందుకంటే ఇక్కడ గురి తప్పితే నష్టం పాఠకుడికి కాదు. బెల్ వాదంలో ఒక డొల్ల ఉంది: అతనిలా కొట్టగలిగినవాడు అతనొక్కడే. అతన్ని చూసి చిన్న తూటా పట్టినవాళ్లు ఎన్ని ఏనుగుల్ని గాయంతో వదిలేశారో ఏ పుస్తకంలోనూ లేదు. టేలర్ వాదంలోనూ ఒకటుంది. లావు తూటా భయం పుట్టిస్తుంది, పేల్చేవాడికే. తన్నుకి ముందే కళ్లు మూసుకునేవాడి చేతిలో .470 ఉంటే ఎంత, ఊతకర్ర ఉంటే ఎంత.

అంటే తూటా ఎంపికలో అసలు సంగతి చావు కాదు, గాయం. మందు చాలని తూటా పొట్టలో తగిలిన పులి చావదు. లంటానా పొదల్లోకి పోయి పడుకుంటుంది. దాని వెనకాల నెత్తుటి జాడ పట్టుకుని ఎవరో ఒకరు వెళ్లాలి. దొర వెళ్తాడు, నిజమే. గాయపడ్డ జంతువుని వదిలేయకూడదన్న మర్యాద ఆ పుస్తకాల్లో గట్టిగానే ఉంది. కానీ దొర కన్నా నాలుగడుగులు ముందు, నేల మీదకి వంగి, ఆకు మీద చుక్క ఇంకా తడిగా ఉందా ఎండిందా చూస్తూ నడిచేవాడు ఇంకొకడు ఉంటాడు. రెండు చేతుల్తో తుపాకి పట్టుకున్నవాడు నేల చూడలేడు కాబట్టి. ఆ ముందు నడిచేవాడి చేతిలో గొడ్డలి ఉంటుంది, లేదా ఏమీ ఉండదు. తూటా ఎంపిక మీద అతని అభిప్రాయం ఎవరూ అడగలేదు. దాని ఫలితం మొదట తెలిసేది మాత్రం అతనికే.

జిమ్ కార్బెట్‌ని చాలామంది ప్రేమిస్తారు, నేనూ ప్రేమిస్తాను, కారణం ఈ విషయంలో అతనికి బడాయి లేకపోవడం. చౌగఢ్ ఆడపులిని చంపిన ఘట్టం గుర్తుంది కదా. 1930 ఏప్రిల్. వాగులో పెద్ద బండ మలుపు తిరుగుతాడు, పక్కనే కొద్ది అడుగుల దూరంలో పులి పడుకుని అతన్నే చూస్తోంది. ఎడమచేతిలో అంతకుముందే ఏరుకున్న రెండు పిట్టగుడ్లు. కుడిచేతిలో తేలికపాటి .275 రైఫిల్. ఒక్క చేత్తో, ఊపిరి బిగబట్టి, దాదాపు ముప్పావు వృత్తం తిప్పి పేలుస్తాడు. తర్వాత తనే లెక్క వేసుకుంటాడు: గుడ్లూ, తేలిక తుపాకీ, అది మనుషుల్ని తినే పులి కావడం - తనకి అడ్డమనిపించే ఈ మూడే తనని కాపాడాయని. గుడ్లు లేకపోతే కంగారులో గబుక్కున తిరిగేవాడు, అది దూకేది. చేతిలో బరువైన జంటగొట్టాల .450/400 ఉంటే ఒక్క చేత్తో తిప్పలేకపోయేవాడు. ‘పెద్ద జంతువుకి పెద్ద తూటా’ అన్న నియమాన్ని ఇంత నెమ్మదిగా, ఇంత సరదాగా తోసిపుచ్చిన పేజీ ఇంకొకటి నాకు తెలీదు. ఆ గుడ్లని తిరిగి గూట్లో పెట్టేసి వస్తాడు. అది కూడా తూటా గురించిన వాక్యమే అనిపిస్తుంది నాకు.

కెన్నెత్ ఆండర్సన్ మనకి ఇంకా దగ్గరివాడు. 1910లో సికింద్రాబాద్ బొల్లారంలో పుట్టాడు, బెంగుళూరులో బతికాడు, మామండూరు, చామల లోయ, నల్లమల దాకా తిరిగాడు. చిత్తూరు జిల్లా రైల్వే స్టేషన్ల పేర్లు ఇంగ్లీషు వేట సాహిత్యంలోకి ఎక్కాయంటే అతని వల్లే. అతని చేతిలో ఎప్పుడూ ఒకటే: .405 వించెస్టర్, 1895 మోడల్. ఇది మాగ్నమ్ కాదు. 1904 నాటి తూటా, మూడు వందల గ్రెయిన్ల మొద్దు గుండు, దూరం పోదు. రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా పట్టుకెళ్లాడని దానికి కొంత కీర్తి. లండన్ దొరల జంటగొట్టాల రైఫిళ్ల ముందు అది అమెరికా కౌబాయ్ సరుకు. మహారాజులూ కలెక్టర్లూ ఉన్న సభలో సొంత సంపాదన మీద బతికే ఆంగ్లో మనిషి స్థానం ఎక్కడుందో ఆ రైఫిలే చెబుతుంది. మిగతావాళ్లు మార్చినట్టు అతను తుపాకులు మార్చడు. అదే తుపాకి, అవే తప్పులు, అదే టీ ఫ్లాస్కు. అతని గద్యం కూడా అలాగే ఉంటుంది, దగ్గర్నుంచి మాత్రమే పనిచేస్తుంది. కొన్నిచోట్ల అతిశయోక్తి చేస్తాడని అనుమానం రాక మానదు. కానీ ఒకటి ఒప్పుకోవాలి: రంగా, పూజారి తెగకి చెందిన బైరా - వీళ్లకి పేర్లున్నాయి, కోపాలున్నాయి, అబద్ధాలున్నాయి. బైరా మీదైతే ఒక అధ్యాయమే రాశాడు. కన్నడంలో పూర్ణచంద్ర తేజస్వి ఆండర్సన్‌ని తెచ్చుకుని తమ భాషలో కలుపుకున్నట్టు మనం కలుపుకోలేదు. అది వేరే దిగులు.

ఇప్పుడు తూటా ఎంపిక మీద ఇంగ్లీషులో వచ్చిన అతి గొప్ప వ్యాసం దగ్గరికి వద్దాం. దాన్ని ఎవరూ అలా చదవరు. జార్జ్ ఆర్వెల్ ఏనుగుని కాల్చిన వ్యాసం, 1936. సామ్రాజ్యవాదం గురించి ప్రతి డిగ్రీ క్లాసులోనూ చెబుతారు. అయితే అందులో కథని నడిపేది తుపాకులు మారడం. మోల్మీన్‌లో ఏనుగు తిరగబడిందని కబురొస్తే అతను పాత .44 వించెస్టర్ పట్టుకుని బయల్దేరతాడు. అది ఏనుగుని చంపడానికి చాలదు, చప్పుడుకి పనికొస్తుందేమో అనుకుంటాడు. ఆ చిన్న తుపాకి ఉన్నంతసేపూ అతను పోలీసు. మధ్యలో స్నేహితుడింటికి మనిషిని పంపి ఏనుగు రైఫిల్ తెప్పిస్తాడు, అయిదు తూటాలతో. ఆ రైఫిల్ చేతిలోకి రాగానే ఊరు ఊరంతా వెనకాల వస్తుంది. పెద్ద తుపాకి పట్టుకున్నవాడు కాల్చక తప్పదు, లేకపోతే నవ్వుతారు. కాలుస్తాడు. మెదడు ఎక్కడుంటుందో తెలీదు, బెల్ గీసిన బొమ్మలు అతను చూడలేదు, చెవి రంధ్రానికి సూటిగా కొట్టాల్సింది కాస్త ముందుకి కొడతాడు. ఏనుగు చావదు. తెచ్చిన తూటాలన్నీ అయిపోతాయి. చివరికి మళ్లీ ఆ చిన్న .44తోనే గొంతులోకి, గుండెలోకి ఒకటి తర్వాత ఒకటి. అయినా చావదు. చూడలేక వెళ్లిపోతాడు. అరగంట పట్టిందని తర్వాత వింటాడు.

టేలర్, బెల్ ఇద్దరి వాదాలూ ఒక్క ఏనుగు మీద ఓడిపోయిన చోటు ఇది. కానీ నేను ఆగేది ఇంకో చోట. ఆ ఏనుగు కాలికింద ఒక మనిషి చచ్చిపోయాడు కదా, అతనెవరు? నల్లటి ద్రావిడ కూలీ అంటాడు ఆర్వెల్. వ్యాసం చివర్లో, కుర్ర దొరలు తమలో తాము మాట్లాడుకుంటూ, ఒక కోరంగీ కూలీని చంపినందుకు ఏనుగుని కాల్చడం అన్యాయమనీ, ఏనుగు ఖరీదు ముందు వాడెంత అనీ అంటారు. కోరంగీ. మన కోరంగి. కాకినాడ పక్కన, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఉన్న పాత రేవు. అక్కడ ఓడ ఎక్కి బర్మా వెళ్లిన తెలుగు కూలీలందరికీ ఆ రేవు పేరే కులమైపోయింది, తిట్టైపోయింది. 1930లో రంగూన్ రేవులో అల్లర్లు జరిగినప్పుడు చచ్చినవాళ్లలో ఎక్కువమంది వీళ్లే. ప్రపంచంలో అతి ఎక్కువమంది చదివిన ఇంగ్లీషు వ్యాసాల్లో ఒకదాని మధ్యలో, బురదలో బోర్లా, పక్కకి తిరిగిన మొహంతో, కళ్లు తెరిచి పడి ఉన్నది తెలుగువాడు. తుపాకికి .44 అని నంబరుంది. ఏనుగుకి ధర ఉంది, యజమాని ఉన్నాడు. తూటాలు అయిదని లెక్క ఉంది. ఇతనికి రేవు పేరు తప్ప ఏమీ లేదు.

ఆర్వెల్‌ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆ కుర్ర దొరల మాట రాసిపెట్టినవాడు అతనే. చట్టం దృష్టిలో తను చేసింది సరైందని చెప్పుకోవడానికి ఆ కూలీ చావు పనికొచ్చిందని, అందుకు లోలోపల సంతోషించానని కూడా రాశాడు. అంత నిజాయితీ వేట రచయితల్లో చాలామందికి లేదు. కానీ తెలుగు విద్యార్థికి ఈ వ్యాసం తెలుగు మాస్టారు చెబుతున్నప్పుడు ‘కోరంగీ’ అన్న మాట దగ్గర ఆగకుండా వెళ్లిపోవడం మాత్రం నాకు మింగుడు పడదు.

ఇక్కడ్నుంచి కొండల వైపు తిరుగుదాం. దానికి దారి కూడా ఒక తూటా నంబరే. .470, .465, .475, .476 - ఇలా ఒకదాని పక్కన ఒకటి ఇన్ని ఎందుకున్నాయో ఎప్పుడైనా అనుకున్నారా? అంతకుముందు పెద్ద జంతువులకి అందరూ వాడింది .450. మరి దాన్ని వదిలి వెంట్రుకవాసి తేడాలతో ఇన్ని కొత్తవి ఎందుకు కనిపెట్టారు? జంతువులు మారలేదు. 1907లో బ్రిటిష్‌వాళ్లు ఇండియాలోకీ సూడాన్‌లోకీ .450 తూటాల దిగుమతి ఆపేశారు. సైన్యం పాత మార్టినీ-హెన్రీ తుపాకుల గొట్టం కూడా అదే కొలత. ఆ తుపాకులు అక్కడా ఇక్కడా జనం చేతుల్లో పడి ఉన్నాయి. దొరల వేట తూటాలు వాటిలోకి చేరతాయని భయం. దాంతో లండన్ కంపెనీలన్నీ కొలత కాస్త మార్చి కొత్త తూటాలు తయారుచేశాయి. ఇవాళ ఇంటర్నెట్‌లో .470 ఎంత రాజసమో, .465 ఎంత నాజూకో రాసుకునేవాళ్లు ఆ అంకెల్లో ఉన్నది దున్నల భయం కాదనీ, మన భయమనీ చెప్పరు. 1878 ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లకి మినహాయింపు ఇచ్చింది. కాబట్టి ‘ఏ తూటా ఎంచుకోవాలి’ అన్న ప్రశ్న ఎంచుకునే హక్కున్నవాళ్ల మధ్య సంభాషణ. స్వతంత్రం వచ్చాక కూడా సైనిక కొలత .303 మామూలు మనిషికి నిషిద్ధం. అందుకే ప్రభుత్వ కర్మాగారాల నుంచి .315 అనే వేరే రైఫిల్. పాలకులు మారారు, భయం కొలత మారలేదు.

భయం ఉత్తిది కూడా కాదు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఇదే కొండల్లో, 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు. అల్లూరి సీతారామరాజు, అతని వెంట కొండ మనుషులు. మూడు రోజుల్లో ఇరవయ్యారు తుపాకులు. తీసుకెళ్లినవాటి లెక్క రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడంటారు. ఆ కాగితం నేను చదవాలనుకునే తూటాల సాహిత్యం. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. ముందు నడుస్తున్న దేశీ పోలీసుల్ని పోనిచ్చి, వెనక వస్తున్న తెల్లవాళ్ల మీదే గురిపెట్టారు. ఎవరు ముందు నడుస్తారు, ఎవరు వెనక నడుస్తారు అన్న వేట నియమం ఆ కొండవాళ్లకి బాగా తెలుసు. దాన్నే తిప్పి వాడారు.

మరి అరకు, పాడేరు కొండల్లో వేటాడేవాడి తూటా ఏది? తూటాయే లేదు. నాటు తుపాకిలో తూటా ఉండదు. గొట్టం మూతి నుంచి నల్లమందు పోయాలి, పీచో గుడ్డో కుక్కాలి, కడ్డీతో దట్టించాలి, పైన సీసం గుళ్లో ఇనప ముక్కలో వేయాలి, మళ్లీ పీచు. ఒక్కసారి పేలుతుంది. రెండోసారికి ఇదంతా మళ్లీ మొదట్నుంచి. అడవిపంది ఆగి చూస్తూ ఉండదు. ఈ మనిషికి ఎంపిక ఒక్కచోటే ఉంది: ఎంత మందు దట్టించాలి. కుందేలుకి చిటికెడు, కణితికి పిడికెడు. మాగ్నమ్ అంటే ఎక్కువ మందు అనుకున్నాం కదా. ఇతను తన మాగ్నమ్ తనే తయారుచేసుకుంటాడు. ఆ గొట్టం ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో పరీక్ష చేసి ముద్ర వేసిన కంపెనీ లేదు. మందు ఎక్కువైతే గొట్టం పగులుతుంది, పగిలేది చెంప పక్కనే. టేలర్ సూత్రంలో పేల్చేవాడి చెంపకి విలువ లేదు.

ఇటుకల పండగ గురించి ఈ తరం పాఠకులకి అరకు వెళ్లినప్పుడు రోడ్డు మీద ఆడవాళ్లు కర్ర అడ్డంపెట్టి డబ్బులడిగిన సంగతిగానే తెలుసు. చైత్రంలో వచ్చే ఆ పండగలో మగవాళ్లు వేటకి వెళ్లాలి. ఏమీ తేకుండా వస్తే ఆడవాళ్లు పేడ కొడతారు, ఎగతాళి చేస్తారు. విశాఖ ఏజెన్సీ గురించిన పాత ఇంగ్లీషు రాతల్లో కూడా ఈ చైత్ర వేట, ఈ పేడదెబ్బలు ఉన్నాయి. దొరల వేట పుస్తకాల్లో గురి తప్పితే రచయిత రెండు వాక్యాల్లో చింతించి మంచె దిగి టీ తాగుతాడు. ఇక్కడ ఊరి పొలిమేరలో పేడ కలిపి పెట్టుకుని విమర్శకులు ఎదురుచూస్తుంటారు. విమర్శ రాసేవాణ్ని కాబట్టి వాళ్ల పద్ధతి మీద కాస్త అసూయే.

తెలుగు సాహిత్యం ఈ మొత్తంలో ఎక్కడ నిలబడింది? మనకి వేట బడాయి లేకపోలేదు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన క్రికెట్ జట్టుకి కెప్టెన్ అయిన విజయనగరం మహారాజ్‌కుమార్, విజ్జీ, మూడు వందల పైచిలుకు పులుల్ని చంపానని చెప్పుకునేవాడు. తర్వాత రేడియో వ్యాఖ్యాత అయ్యాడు. పులుల్ని ఎలా చంపారో ఆయన వివరిస్తుంటే, రేడియోలో మీ వ్యాఖ్యానం పెట్టి విసుగుతో చంపేశారనుకున్నా అని ఒక వెస్టిండీస్ ఆటగాడు అన్నాడని క్రికెట్ లోకంలో చెప్పుకుంటారు. ఆ బడాయికి సాహిత్యంలో సరైన జవాబు కూడా ఆ జిల్లా నుంచే వచ్చింది. అలమండ పతంజలి ‘వీరబొబ్బిలి’లో రాజుల వీరత్వాన్నంతా ఒక కుక్కకి ఎక్కించి కూర్చోబెట్టాడు. అది చదివాక ఏ సంస్థానం గోడమీద పులితల చూసినా నవ్వు ఆగదు.

వేటని వేటగానే రాసినవాడు అల్లం శేషగిరిరావు. ‘మంచి ముత్యాలు’, ‘అరణ్య ఘోష’ సంపుటాల్లో విశాఖ వైపు అడవులూ చెరువులూ గట్లూ ఉన్నాయి. చలిలో తెల్లవారుజాముకి ముందు కూర్చునే ఓపిక ఉంది. ఆయనకి తుపాకి తెలుసని వాక్యం చూస్తేనే తెలుస్తుంది. అయినా నంబర్ల మీద ఆయనకి మోజు లేదు. వేటగాడి పక్కన చీకట్లో కూర్చున్న మనిషి మాట్లాడటం మొదలుపెట్టగానే తుపాకి వెనక్కి పోతుంది. ‘చీకటి’ చదివినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు వేట రచనకీ ఆయనకీ తేడా అక్కడే ఉందని నా నమ్మకం. మిగతా తెలుగు కథల్లో తుపాకి అంటే ‘డబుల్ బ్యారెల్’, అంతే. కొన్నిచోట్ల అది వినయం, చాలాచోట్ల అజ్ఞానం. పన్నెండు బోరు గుళ్లకీ రైఫిల్ గుండుకీ తేడా తెలియకుండా పులిని రెండు వందల గజాల నుంచి కూల్చిన కథలు మనకి ఉన్నాయి. వాటిని క్షమించను. గాయపడ్డ జంతువు వెనకాల నడవాల్సిన మనిషి ఆ రచయిత మనసులో లేడని అర్థం.

ఆ మనిషి తరఫు నుంచి వచ్చిన రాత ఇంకా తక్కువే. జాతాపు కథకుడు మల్లిపురం జగదీశ్ తన సంపుటాలకి ‘శిలకోల’, ‘గురి’ అని పేర్లు పెట్టుకున్నాడు. ఇద్దరు ముగ్గురు కొండ రచయితలు ఆయుధం మాటనీ లక్ష్యం మాటనీ తమవైపు తిప్పుకోవడం మొదలైందన్నమాట. కానీ వేటని, అందులో దొరవారి వేటని, కొండ వైపు నుంచి రాసిన పుస్తకం మన దగ్గర లేదు. ఇకముందు కష్టం కూడా. ఇప్పుడు నాటు తుపాకి ఇంట్లో ఉంటే కేసు, పంది పడితే కేసు, అప్పగించమని పోలీసుల చాటింపు. వేట తెలిసిన ముసలివాళ్లు దాని గురించి మాట్లాడటానికి భయపడతారు. దొరల వేటేమో డీలక్స్ ఎడిషన్లలో కొత్త ముందుమాటలతో మళ్లీ మళ్లీ అచ్చవుతోంది. అడవిలో తుపాకులన్నీ ఆగిపోవాలని కోరుకుంటూనే ఈ తేడా చూడొచ్చు.

నేను చదవాలనుకునే పేజీ ఒకటుంది. జంటగొట్టాల పెద్ద రైఫిల్ పది పదకొండు పౌనులు తూగుతుంది, దగ్గర దగ్గర అయిదు కేజీలు. దొర తేలిక తుపాకి పట్టుకుని నడిచేవాడు. ఈ రెండోది, మాగ్నమో నైట్రో ఎక్స్‌ప్రెస్సో, వెనక ఒక కొండదొర భుజం మీద నడిచేది. పొద్దున్నించీ సాయంత్రం దాకా, ఎక్కుడూ దిగుడూ, అవసరమైన క్షణంలో దొర చేతికి సరిగ్గా అందించాలి, ట్రిగ్గర్‌కి వేలు తగలకూడదు. ఆ తుపాకిని అందరికన్నా ఎక్కువసేపు పట్టుకున్నవాడు ఒక్కసారీ పేల్చలేదు. నంబరు తెలీదు. ఏ భుజానికి మార్చుకుంటే నొప్పి తగ్గుతుందో తెలుసు, ఎండకి ఆ ఇనుము మెడ మీద ఎలా కాలుతుందో తెలుసు, పేలాక ఎంతసేపు చెవులు గింగురుమంటాయో తెలుసు. సాయంత్రం ఇంటికొచ్చి భార్యతో దాని గురించి ఏమని చెప్పాడో.